వాగు ఇవతలే ఆగిన పోటీ

పోటీకి ఇద్దరి పేర్లూ ఇచ్చింది నేనే. మా ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. సోఫాలో వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తూ "నీ ఇష్టం" అన్నాడు. ఆ రోజుల్లో ఏదడిగినా అదే మాట. కూరేం వండాలన్నా నీ ఇష్టం, తెనాలి వెళ్లొద్దామా అన్నా నీ ఇష్టం.

మేమిద్దరం సినిమావాళ్లమే గానీ తెరమీద కనిపించేవాళ్లం కాదు. నేను డబ్బింగ్ చెబుతాను. బొంబాయి నుంచో కేరళ నుంచో వచ్చిన హీరోయిన్లు పెదవులు కదిపితే వినిపించే గొంతుల్లో నాదొకటి. తను అసోసియేట్ డైరెక్టర్. తనది సిద్దిపేట దగ్గర పల్లెటూరు, నాది తెనాలి. పెళ్లయి పదేళ్లు దాటినా తన యాస తనదే, నా యాస నాదే. ఫిల్మ్‌నగర్‌లో కొండవాలున ఓ పాత అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. వంటింటి కిటికీ తీస్తే ఎవరో నిర్మాత కట్టుకుంటున్న బంగళా, దాని వెనక ఇంకా పగలగొట్టని పెద్ద బండరాయి.

ఎన్నో ఏళ్లు వేరేవాళ్ల సినిమాలకి ఎండలో వానలో పరిగెత్తాక తనకి సొంత సినిమా ఖాయమైంది. కథ తనదే. జూబ్లీహిల్స్‌లో ఆఫీసు తీశారు, గోడకి తన పేరుతో కాగితం అంటించారు. ఇప్పుడిప్పుడే పైకొస్తున్న ఒక హీరో ఒప్పుకున్నాడు. పూజకి ముహూర్తం పెట్టారు. మా అత్తగారు ఊరి నుంచి కొత్త చీర కట్టుకుని వచ్చింది కూడా. ఆ వారంలోనే ఒక సాయంత్రం తను ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి "ఆగిపోయింది. హీరో డేట్లు కుదర్లేవంట" అన్నాడు. తర్వాత స్నానం చేసి, అన్నం తిని, పడుకున్నాడు. అలా పడుకున్న మనిషి మళ్లీ సరిగ్గా లేవలేదు.

సైకిల్ తన పిచ్చి. నాకు అంటించిందీ తనే. షూటింగులు లేని పొద్దుల్లో ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఎత్తెక్కి, కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగి వచ్చేవాళ్లం. ఆదివారాలు గండిపేట దాటి, తారు రోడ్డు వదిలి, మట్టిబాటల్లో బండల మీద పడి పోయేవాళ్లం. సినిమా ఆగాక తను సైకిల్ ముట్టలేదు. బాల్కనీలో టైర్లలో గాలి పోయి, సీటు మీద పావురాలు రెట్టలు వేసి, చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

చెక్‌పోస్ట్ దగ్గర టీ కొట్టు ముందు కలిసే సైకిల్ గుంపొకటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు, ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు కెమెరామెన్లు, అలాంటివాళ్లు. వాళ్లు ఏటా చలికాలం మొదట్లో ఒక పోటీ పెడతారు. జూబ్లీహిల్స్‌లో బయల్దేరి చిలుకూరు, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరి అడవి దాకా వెళ్లి తిరిగి రావాలి. రెండు వందల కిలోమీటర్ల పైనే. అందులో ముప్పావు వంతు మట్టిదారులే. దంపతులో స్నేహితులో జంటగా చేసే విభాగం కూడా ఉంది. దానికొకటే నియమం, దారిలో ప్రతి మజిలీనీ ఇద్దరూ కలిసే దాటాలి. ఒక్కరే వస్తే లెక్కలోకి రాదు. ఆ నియమం చూసే నేను పేర్లిచ్చాను. నాకోసమైనా కదులుతాడని.

కదిలాడు. మొదట్లో నస పెట్టాడు గానీ తర్వాత తనే పొద్దున్నే లేచి టైర్లలో గాలి కొట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి మొయినాబాద్ దగ్గర రాళ్ల దిబ్బ మీంచి దిగుతూ నేను పల్టీ కొట్టి తుమ్మ పొదలో పడితే, నన్ను లాగుతూ లాగుతూ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు. మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతున్నా నాకు నొప్పి తెలీలేదు. నా మొగుడు నాకు తిరిగి దొరికాడనుకున్నాను.

పోటీకి రెండు రోజుల ముందు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. నెల్లూరు దగ్గర తీరం దాటుతుందని, హైదరాబాదు దాకా వానలుంటాయని టీవీలో చెప్పారు. గుంపులో ఒకరిద్దరు వాయిదా వేద్దామన్నారు. మిగతావాళ్లు వాన పడితేనే కదా అసలు మజా అని ఉత్సాహపడ్డారు. "ఏం చేద్దాం?" అని నేనడిగితే మా ఆయన ఎప్పటిలాగే "నీ ఇష్టం" అన్నాడు. కానీ ఆ మాట అంటూనే గొలుసుకి నూనె రాస్తున్నాడు. అందుకే వెళ్దామన్నాను.

పొద్దున బయల్దేరేచోట జల్లు పడుతోంది. ప్లాస్టిక్ కోట్లలో అందరం గుమిగూడి ఉండగా ఒక నల్ల కారు వచ్చి ఆగింది. జెండా ఊపడానికి ఎవరో ప్రముఖుణ్ణి పిలిచారని తెలుసు. ఎవరన్నది తెలీదు. కార్లోంచి దిగింది ఆ హీరోనే. మా ఆయన సినిమాకి ఒప్పుకుని మానేసినవాడు. పక్కనొకతను గొడుగు పట్టుకుంటే నవ్వుతూ నడిచొచ్చాడు. మా ఆయన తల వంచుకుని హెల్మెట్ పట్టీ సర్దుకోసాగాడు. అయినా అతను గుర్తుపట్టాడు.

"అన్నా! నువ్వేంటి ఇక్కడ? ఎన్నాళ్లయింది!" అంటూ తడికోటుని లెక్కచెయ్యకుండా గట్టిగా కౌగిలించుకున్నాడు. "సూపర్ ఫిట్‌గా ఉన్నావన్నా. మనం కలవాలి. తప్పకుండా కలుద్దాం."

"కలుద్దాం సార్" అన్నాడు మా ఆయన.

ఫోటోలు తీశారు. జెండా ఊపారు. షేక్‌పేట దిగువకి దిగుతుంటే మా ఆయన నా ముందు ఎంత వేగంగా పోయాడంటే, తడి రోడ్డు మీద పడిపోతాడేమోనని నేను రెండుసార్లు గట్టిగా పిలవాల్సివచ్చింది.

చిలుకూరు దాటేదాకా బాగానే ఉంది. మొయినాబాద్ వైపు ఎర్రమట్టి దారి. నీళ్లు నిలిచినా కింద మొరం గట్టిగా ఉండి చక్రం దిగబడదు. తర్వాత ఎదురుగాలి మొదలైంది. వాన నిలువుగా పడటం మానేసి మొహాన కొట్టసాగింది. కళ్లద్దాలు పెట్టుకుంటే ఏమీ కనిపించదు, తీసేస్తే కళ్లు తెరవలేం. తను ముందు, నేను వెనక. మాట్లాడాలంటే అరవాలి, అందుకని మాట్లాడుకోలేదు. చేవెళ్ల మజిలీలో అరటిపళ్లు తిని, బన్ను తిని, కార్డు మీద ముద్ర వేయించుకున్నాం. అప్పటికే కొందరు అక్కడ ఆగిపోయి ఫోన్లు చేసి కార్లు రప్పించుకుంటున్నారు. "ఎలా ఉంది నీకు?" అన్నాను. తల ఊపాడు. అవునో కాదో తెలీని ఊపు.

చేవెళ్ల దాటాక కొన్ని పొలాల అవతల మట్టి రంగు మారింది. నల్లరేగడి. వానలో రేగడి మీద సైకిల్ తొక్కినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తొక్కనివాళ్లకి ఎంత చెప్పినా తక్కువే. అది బురద కాదు, జిగురు. టైరుకి చుట్టుకుని, దానిమీద గడ్డీ పత్తికాయలూ అంటుకుని, చక్రానికీ ఫ్రేముకీ మధ్య సందు మూసుకుపోయేదాకా పెరుగుతుంది. ఆ తర్వాత చక్రం తిరగదు. దిగి పుల్లతో గీకాలి. గీకి నాలుగడుగులు తోస్తే మళ్లీ మొదటికే. చివరికి సైకిల్ని భుజానికెత్తుకున్నాం. నా సైకిల్ మామూలుగా ఒంటిచేత్తో లేపగలను. బురదతో కలిసి అది దూడలాగా తయారైంది. బూట్లు అడుగడుగుకీ నేలలో ఉండిపోతుంటే, వంగి పీక్కుని, మళ్లీ నడక. రెండు వైపులా ఏరని పత్తి. తడిసి, నల్లబడి, కాయల్లోంచి నాలుకల్లా వేలాడుతోంది. ఇంకో సైకిల్ లేదు, మనిషి లేడు. అందరూ ఆగిపోయారో, మేమే దారి తప్పామో అర్థం కాలేదు. హ్యాండిల్‌కి బిగించిన, దారి చూపే చిన్న తెర మాత్రం దారి ఇదేనంటోంది.

అలా నడిచి నడిచి ఒక వాగు దగ్గరికొచ్చాం. మామూలు రోజుల్లో మోకాలు లోతు కూడా ఉండదని, సైకిల్ మీదే దాటొచ్చని మాకు చెప్పారు. ఆవేళ ఎర్రటి నీళ్లు గట్టు ఒరుసుకుని పోతున్నాయి. ఒక ఎండుకొమ్మ మా కళ్లముందే సుడి తిరుగుతూ కొట్టుకుపోయింది. మా ఆయన సైకిల్ని భుజం మీంచి జారవిడిచాడు. దించలేదు, వదిలేశాడు. దాని పక్కనే బురదలో కూలబడ్డాడు.

కాసేపు ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాను. "లే, ఇంకాస్త పైకి వెళ్తే దాటే చోటుంటుందేమో చూద్దాం" అన్నాను. లేవలేదు. దగ్గరికెళ్లి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. చేతి తొడుగు విప్పబోతే వేళ్లు వంగడంలేదు. వణుకు మాత్రం లేదు. ఒళ్లు వణకడం కూడా మానేసేంత చలి పట్టిందని, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"డేట్లు కాదు" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఏంటి?"

"సినిమా ఆగింది డేట్లకు కాదు. నీకు అబద్ధం చెప్పిన."

వాన చప్పుడులో వినిపించక నేను మోకాళ్ల మీద కూర్చుని మొహం దగ్గర పెట్టాను.

"ప్రొడ్యూసర్ పిలిచి కూసోబెట్టి చెప్పిండు. కథ మస్తుందంట. హీరోకి శానా నచ్చిందంట. నేనే చాలనంట. 'మనిషి మంచోడే గని, సెట్ల నూరుమందిని నడిపిచ్చే మనిషి గాదు' అన్నడంట. కథ మాకియ్యి, వేరేటోనితో తీపిస్తం అన్నరు. ఇయ్యనని లేసొచ్చిన."

"అన్నాడంటే, ఎవరన్నారు?"

"పొద్దున నన్ను అలాయిబలాయి తీస్కున్నోడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "వాడి మొహం. వాడికేం తెలుసు నీ గురించి?"

"ఆయనకు తెల్సు. గదే బాధ. గంట సేపు నా కథ విని నన్ను పట్టేసిండు. నాకే ఇన్నేండ్లు తెల్వలే." వాగు వైపు చూస్తూ అన్నాడు. "ఆయన చెప్పింది నిజమే. ఇప్పుడు నాకు సినిమా తియ్యాలని లేదు. సైకిల్ తొక్కాలని లేదు. లేసి నిలబడాలని లేదు. నువ్వు పో. నిన్ను నేను ఆపను."

నిజం కాదు అన్నాను. ఎట్ల కాదో చెప్పు అన్నట్టు నా మొహంలోకి చూశాడు. నేను ఎంతోమంది హీరోయిన్ల తరఫున ఎంతోమంది మగాళ్లని ఓదార్చాను. మైకు ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుని మరీ చెప్పాను. ఆ క్షణాన ఒక్క వాక్యం రాలేదు. నా భర్త కళ్లలోకి చూస్తూ, నువ్వు నూరుమందిని నడిపించగలవు అని చెప్పడానికి నా దగ్గర రుజువేం లేదు. ఇంట్లో పనమ్మాయి నాలుగు రోజులు రాకపోయినా గట్టిగా ఒక మాట అనలేని మనిషి తను. దానికే నేను మెచ్చి చేసుకున్నాను.

ఫోన్ తీసి నిర్వాహకులకి చేశాను. సిగ్నల్ కోసం గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తాక దొరికింది. మేం ఆపేస్తున్నాం, మనిషికి బాగాలేదు, కారు పంపండి అన్నాను.

"మేడమ్, మీరున్న చోటుకి కారు రాదు" అందొక అమ్మాయి గొంతు. పాపం ఆ పిల్లా ఏడుపు గొంతుతోనే ఉంది. "అవతలి వైపు బ్రిడ్జి మీంచి నీళ్లు పోతున్నాయి. మీరే ఎలాగైనా వెనక్కి ఊరిదాకా రండి. ప్లీజ్ మేడమ్, వాగులోకి మాత్రం దిగకండి."

పోటీ మానేస్తే కష్టం తీరిపోతుందని అప్పటిదాకా అనుకున్నాను. మానెయ్యాలన్నా వచ్చిన దారంతా మళ్లీ నడవాలి. సైకిళ్లు రెండూ అక్కడే వదిలేశాను. చంకల కింద చేతులు వేసి లేపితే లేచాడు. మొండికెయ్యలేదు. ఎటు తిప్పితే అటు తిరిగాడు. ఒక చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని, పడుతూ లేస్తూ ఆ రేగట్లో నడిపించాను. దారిపొడుగునా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాను. ఇంటికెళ్లి వేడినీళ్లు పోస్తానని, మిరియాల చారు పెడతానని. ఒకచోట ఇద్దరం కలిసి పడ్డాం. లేవడానికి నాకూ చాతకాలేదు. అలాగే పడుకుని వాన మొహం మీద పడనిచ్చాను. ఇక్కడే ఉండిపోతే ఏమవుతుంది అనిపించింది. తన తల నా భుజం మీద ఉంది. ఎంతసేపో తెలీదు. ఒక కుక్క మొరుగుడు వినిపించి లేచాను.

చేను మధ్యలో రేకుల కొట్టం. అందులో ఒక ముసలామె, ఆమె మొగుడు, ఒక గేదె, కొట్టం సగానికి పైగా తడిసిన పత్తి కుప్ప. మమ్మల్ని చూసి ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఏమీ అడక్కుండా పొయ్యిలో కట్టెలు ఎగదోసి, తన మొగుడి అంగీ, గొంగడీ తెచ్చి మా ఆయన మీదికి విసిరి, "ముందుగాల ఆ తడిబట్టలు ఇడువు బిడ్డా" అంది. చక్కెర ఎక్కువ వేసి చాయ్ చేసిచ్చింది. కాసేపటికి తనకి వణుకు మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె పత్తి కుప్ప పక్కన కూర్చుని తడి దూదిని విడదీస్తూ మాట్లాడింది. మొదటి ఏరుడే ఇది, రెండో ఏరుడు చేన్లనే ఖరాబైంది, నల్లగైన పత్తిని ఎవడూ ముట్టడు, అని. మా ఆయన అడిగాడు, ఎన్ని ఎకరాలమ్మా, కౌలా సొంతమా, విత్తనం ఎప్పుడు పెట్టిన్రు, అని. ఆమె చెబుతుంటే ఇంకా అడిగాడు. చాన్నాళ్లుగా నాతో అన్ని మాటలు మాట్లాడలేదు. పొయ్యి వెలుగులో తన మొహం చూస్తూ నేను లోలోపల దండాలు పెట్టుకున్నాను. మేలుకున్నాడు, ఈ మనిషిలో ఇంకా ఎవరో ఉన్నారు, అని.

వాన తెరిపిచ్చాక ఆ ముసలాయన ఎవరికో కబురు పెడితే ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీలో గొంగడి కప్పుకుని కూర్చున్నాం. రోడ్డు కనిపించేసరికి తను నా చెవి దగ్గర మెల్లిగా అన్నాడు.

"ఆమె గంత బాధ చెప్పుకున్నది గదా. పంటంతా పోయింది. నాకేమనిపియ్యలే."

"అలసిపోయావు" అన్నాను.

"గది కాదు. ఏమన్న అనిపిస్తదేమోనని అడుక్కుంట పోయిన. ఏమనిపియ్యలే. మనిషన్నంక అనిపియ్యాలె గదా?"

నేను తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ట్రాక్టర్ చప్పుడుకి ఇంకేమీ మాట్లాడే వీల్లేకపోవడం ఒక రకంగా మేలైంది.

సైకిళ్లని తర్వాత గుంపువాళ్లు తెచ్చి అపార్ట్‌మెంట్ కింద ఆనించి పోయారు. ఆవేళ పోటీ పూర్తి చేసిందెవరో నాకిప్పటికీ తెలీదు, కనుక్కోలేదు. తనకి జ్వరం వచ్చింది, తగ్గింది. తగ్గాక కూడా మంచం దిగలేదు. అన్నం పళ్లెం పక్కన పెడితే చల్లారిపోయేది. మా అత్తగారు ఫోన్ చేసి, దిష్టి తగిలిందేమో తియ్యమంది. తీశాను. తెనాలి నుంచి మా అమ్మ వచ్చి నాలుగు రోజులుండి, అల్లుడితో ఏం మాట్లాడాలో తెలీక తిరిగి వెళ్లిపోయింది. ఒక పొద్దున తను గోడ వైపు తిరిగి పడుకుని, "నేను లేకుంటే నీకు సుఖముంటది" అన్నాడు. విసుగ్గా కాదు, ఏడుస్తూ కాదు. బయట ఎండ కాస్తోంది అన్నట్టు చెప్పాడు. ఆ రోజే స్టూడియోకి రానని చెప్పి, వెంగళరావు నగర్‌లో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను.

నడివయసావిడ. తొందరలేని మనిషి. తనని కూర్చోమని, నన్నూ కూర్చోమని, "ఎప్పట్నుంచి ఇలా ఉంటోంది?" అని అడిగింది.

"సినిమా ఆగిపోయిన దగ్గర్నుంచి డాక్టర్" అన్నాను నేను. "అంతకు ముందు చాలా బాగుండేవాడు."

ఆవిడ నా మాట విని కూడా చూపు తన మీంచి తిప్పలేదు.

"లేదు మేడం" అన్నాడు తను, టేబుల్ అంచు చూస్తూ. "అంతకు మునుపటి నుంచే. పెండ్లి కాకముందు నుంచే. పని ఉన్నప్పుడు కనపడనియ్యకపోయేటోన్ని."

నేను తన వైపు తిరిగాను. తను నా వైపు చూడలేదు. ఇన్నేళ్లలో మేం వెళ్లిన ఊళ్లు, నవ్విన నవ్వులు, పొద్దున్నే ఎక్కిన ఎత్తులు, వాటిలో ఏది నిజంగా తనదో, ఏది నాకోసం లేచి చేసిందో విడదీసి చూసుకోవడానికి ప్రయత్నించాను. కుదర్లేదు. డాక్టరు ఏదో రాస్తోంది. మందులు పని చెయ్యడానికి వారాలు పడతాయని, మధ్యలో మానకూడదని, ఒంటరిగా వదలొద్దని చెబుతోంది. నేను తల ఊపుతున్నాను.

మందులు ఒకసారి మార్చారు. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో ఎవరిదో సినిమాకి కథా చర్చల్లో కూర్చుంటున్నాడు, తెరమీద తన పేరు పడదు. కొన్ని రోజులు లేచి, గడ్డం గీసుకుని, తనే వెళ్లొస్తాడు. కొన్ని రోజులు లేవడు. ఏ రోజు ఏదో ముందు రాత్రి చూసి చెప్పడం నాకింకా చాతకాలేదు. అడిగితే "మంచిగనే ఉన్న" అంటాడు, ఆ మాట నేను ఇక నమ్మను. నమ్మనని తనకీ తెలుసు.

ఒంటరిగా వదలొద్దని డాక్టర్ చెప్పింది గానీ, నేను పనికి పోక తప్పదు. రికార్డింగ్ మధ్యలో గాజుగది బయటికొచ్చి ఫోన్ చేస్తాను. ఎత్తితే మళ్లీ లోపలికి వెళ్లి డైలాగులు చెబుతాను. సాయంత్రం మెట్లెక్కి వచ్చి తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు ముందు కాసేపు ఆగుతాను. లోపల ఏదైనా చప్పుడు వినిపిస్తుందేమోనని. కుళాయి, గిన్నె, దగ్గు, ఏదైనా. నిన్న చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడైంది. అప్పుడు తాళం తీశాను.